పీహెచ్‌డీకి హైదరాబాద్ వెళ్లాలా, చెరువుల పక్కనున్న యూనివర్సిటీలో చేరాలా?

ప్రశ్న చాలా పొడవుగా ఉంది, కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అడిగిన అమ్మాయి కోస్తాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేస్తోంది. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా వచ్చే ఫెలోషిప్) వచ్చింది. అక్కడే రొయ్యల జబ్బుల మీద పనిచేసే సార్ ఒకాయన పీహెచ్‌డీకి తీసుకుంటానన్నారు. సీనియర్లేమో "ఇక్కడ ఫెసిలిటీస్ ఏమున్నాయి, హైదరాబాద్ వెళ్లిపో" అంటున్నారు. నాన్నగారు "ఇంకెన్నేళ్లమ్మా" అంటున్నారు. ఒక ల్యాబ్ మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుసుకోవాలన్నది అసలు సందేహం.

ముందు నా సంగతి. నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు పీహెచ్‌డీ, బయటి దేశంలో నాలుగేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) చేశాను. తర్వాత సొంత ల్యాబ్ పెట్టుకోలేదు. పన్నెండేళ్లుగా ఒక క్యాంపస్‌లో సెంట్రల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ల్యాబ్ చూసుకుంటున్నాను. అంటే, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఎందుకు పనిచేయడం లేదని పొద్దున్నే వచ్చి అందరూ తిట్టేది నన్నే. ఫెసిలిటీస్ గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ తిట్ల వల్ల తెలిసిందే.

డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో ఉండే మిషన్ల జాబితా చూసి నిర్ణయం తీసుకోకండి. ఒకసారి ఒక యూనివర్సిటీ వాళ్లు పిలిస్తే వెళ్లాను, ఊరు పేరు వద్దు. ఏసీ గది, మధ్యలో ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసి లెక్కపెట్టే మిషను), దానికి కొలతలు తీసి కుట్టించిన గుడ్డ కవరు. కవరు తీస్తే దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది. పక్కనున్న లాగ్‌బుక్ తెరిచాను, చివరి ఎంట్రీ రెండేళ్ల కిందటిది. లేజర్ పోయింది, మార్చడానికి డబ్బు లేదు. జాబితాలో మాత్రం ఆ మిషను ఇప్పటికీ ఉంది. అబద్ధమేం కాదు, గదిలో ఉందిగా!

ఇది ఎవరో బద్ధకస్తుల వల్ల జరిగేది కాదు, డబ్బు వచ్చే తీరే అలాంటిది. కేంద్రంలో సైన్స్ శాఖ డీఎస్‌టీ వాళ్ల ఫిస్ట్ పథకం 2000 నుంచి ఉంది, బయోటెక్నాలజీ శాఖ డీబీటీ వాళ్ల బిల్డర్ లాంటివి ఉన్నాయి, విడివిడి ప్రాజెక్టులూ ఉన్నాయి. వీటితో మిషను కొనొచ్చు. ప్రాజెక్టు నడిచే మూడేళ్లో అయిదేళ్లో వారంటీతో గడిచిపోతాయి. అక్కణ్నుంచి ఏటా ఏఎంసీ, అంటే మిషను బాగోగులు చూసే కంపెనీకి కాంట్రాక్టు డబ్బు, కట్టాలి. మా దగ్గర అది మిషను ధరలో అయిదు నుంచి పది శాతం దాకా పోతుంది. ఆ డబ్బు ఏ పద్దులోంచి ఇవ్వాలో ఎవరికీ తెలియదు. మిషను నడిపిన కుర్రాడు ప్రాజెక్టు జీతం మీద ఉన్నవాడు, ప్రాజెక్టు అయిపోగానే వేరే ఉద్యోగం చూసుకుంటాడు. ఆ మిషను మెళకువలన్నీ అతనితోపాటే వెళ్లిపోతాయి. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ మిషన్లు ఉన్నాయి" అని కాదు. "దీన్ని ఎవరు నడుపుతారు, ఆయన జీతం ఎక్కణ్నుంచి వస్తుంది, ఏఎంసీ ఎప్పటిదాకా ఉంది?" ఈ మూడూ అడగండి. తడుముకోకుండా సమాధానం చెప్పే చోట మిషను పనిచేస్తోందని అర్థం.

ఇంకో సంగతి కరెంటు. నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు ఒక ఏడాది సంక్రాంతికి అందరం ఊళ్లకి వెళ్లాం. భోగి రోజు రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. జనరేటర్ దానంతటదే మొదలైంది, ఉన్న డీజిల్ అయిపోయేదాకా నడిచింది. తర్వాత మైనస్ 80 ఫ్రీజర్ అలారం ఖాళీ వరండాలో మోగీ మోగీ ఊరుకుంది. కనుమ మర్నాడు వచ్చి తలుపు తీస్తే లోపల ప్లస్ 11 డిగ్రీలు. అడుగున నీళ్లు, నీళ్లలో తేలుతున్న ట్యూబులు. మా సీనియర్ ఒకాయన నాలుగేళ్లుగా దాచిన టిష్యూ శాంపిళ్లు అందులోవే. ఆయన థీసిస్‌లో ఒక చాప్టర్ ఉండాల్సిన చోట ఉండదు. ఎందుకు లేదో మా బ్యాచ్ వాళ్లందరికీ తెలుసు. ఆ భవనంలో అప్పటికే రెండు కోట్ల మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. సెలవుల్లో ఫ్రీజర్ చూడ్డానికి ఒక మనిషీ, ఫోను మోగించే ఒక అలారం మాత్రం లేవు.

అందుకే ల్యాబ్ చూడ్డానికి వెళ్లేటప్పుడు శనివారం వెళ్లకండి. వారం మధ్యలో, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. గైడ్ తిప్పి చూపించాక, కాసేపు స్కాలర్లతో కూర్చుంటానని చెప్పి ఉండిపోండి. ముందు ఐస్ మిషను చూడండి. నవ్వకండి, అది రోజూ అందరికీ కావాలి, అందరికీ కావాల్సింది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అది పనిచేస్తూ, పక్కన గరిటె ఉండి, దాని మీద ఎవరు కడగాలో రాసి ఉంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో మనుషులు కలిసి పనిచేస్తున్నట్టే. తర్వాత మైనస్ 80 తలుపు మీద ఏం అంటించారో చూడండి. ఏ అరలో ఎవరి డబ్బాలున్నాయో చూపే పటం, రాత్రి ఫోన్ చేయాల్సిన ఇద్దరి పేర్లు ఉండాలి. ఇథీడియం బ్రోమైడ్ (డీఎన్‌ఏ కనబడటానికి వాడే ప్రమాదకరమైన రంగు) తగిలిన జెల్స్‌కి వేరే డబ్బా ఉందా, మామూలు చెత్తబుట్టలోనే పడేస్తున్నారా? లాగ్‌బుక్‌లో రాత్రి ఎనిమిది తర్వాత ఎంట్రీలు ఉన్నాయా? అన్నీ ఒకే ల్యాబ్ వాళ్లవా, వేర్వేరు ల్యాబుల వాళ్లవీ ఉన్నాయా? ఒకే ల్యాబ్ వాళ్లవైతే అది పేరుకే కామన్ మిషను.

స్కాలర్లని ఒకటి తప్పకుండా అడగండి: "మిషను మీరే నడుపుతారా, శాంపిల్ ఇచ్చి వెళ్లిపోతారా?" బయటి దేశంలో నేను చేరిన ల్యాబ్‌లో మైక్రోస్కోపు చూసుకునే ఆవిడ నాకు రెండు రోజులు నేర్పింది, ఒక చిన్న పరీక్ష పెట్టింది, తాళం కార్డు ఇచ్చింది. ఆ తర్వాత రాత్రి రెండింటికైనా నేనే వెళ్లి వేసుకునేదాన్ని, గంటకింత అని మా ల్యాబ్ ఖాతాలో పడేది. మన దగ్గర చాలాచోట్ల ఆపరేటర్ వేసి ఫైల్ పంపుతాడు. ఫోటో వస్తుంది, ఎలా వచ్చిందో తెలియదు. వైవాలో ఎగ్జామినర్ "గెయిన్ ఎంత పెట్టావు" అంటే తెల్లమొహం వేయాల్సి వస్తుంది. మా ల్యాబ్‌లో నేను పెట్టిన మొదటి నిబంధన స్కాలర్లే నడపాలని. రెండు సార్లు లెన్స్ గీరారు, అయినా నిబంధన మార్చలేదు.

అమ్మాయి కాబట్టి ఇంకోటి కూడా. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? ఆరు గంటలకోసారి శాంపిల్ తీయాల్సిన ప్రయోగం ఉంటుంది. తొమ్మిదిన్నరకి గేటు మూసే హాస్టల్లో ఉంటూ అది చేయలేరు. కొన్ని చోట్ల రిసెర్చ్ స్కాలర్లకి వేరే బ్లాకు, వేరే వేళలు ఉంటాయి. కొన్ని చోట్ల ప్రతిసారీ గైడ్ సంతకంతో ఉత్తరం కావాలి. కొన్ని చోట్ల అమ్మాయిలు ల్యాబ్‌లోనే చాప వేసుకుని పడుకుంటారు, నేనూ పడుకున్నాను. జాబితాలో ఇది ఎక్కడా కనిపించదు కానీ కాన్‌ఫోకల్ కంటే దీనివల్లే ఎక్కువ పని ఆగిపోయింది నాకు.

కొనుగోళ్ల సంగతి కూడా కనుక్కోండి. ప్రైమర్లు ఆర్డరిస్తే కొద్ది రోజుల్లో వచ్చేస్తాయి. బయటి దేశం నుంచి రావాల్సిన యాంటీబాడీ అయితే నెలన్నర, రెండు నెలలు. దానికి ముందు ఇండెంట్, కొటేషన్లు, కమిటీ, ఫైనాన్స్ సెక్షన్ సంతకం. డ్రై ఐస్‌లో వచ్చే పార్సిల్ శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టులో దిగితే సోమవారం దాకా ఎవరూ కదపరు, మనం ప్రార్థించడం తప్ప చేసేదేం లేదు. "మీ దగ్గర ఒక కిట్ కావాలంటే చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని స్కాలర్లని అడిగి, వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వితే అర్థం చేసుకోండి. పక్క ల్యాబ్ నుంచి అప్పు తెచ్చుకోగలిగిన చోట ఈ బాధ సగం తగ్గుతుంది. పెద్ద సంస్థల అసలు బలాల్లో ఇదొకటి, వరండా చివర ఎవరో ఒకరి ఫ్రిజ్‌లో ఆ ఎంజైమ్ ఉంటుంది.

ఇప్పుడు మీ సార్ దగ్గరికి వద్దాం. ఇక్కడే మీ సీనియర్ల లెక్క తప్పుతోంది.

ఆయన పని ఈహెచ్‌పీ మీద అన్నారు. చెరువుల సంగతి తెలియనివాళ్ల కోసం: అది వనామీ రొయ్య హెపాటోపాంక్రియాస్ (మన కాలేయం, క్లోమం చేసే పని చేసే అవయవం) కణాల్లోపల పెరిగే మైక్రోస్పోరీడియా, ఫంగస్‌కి దగ్గరి చుట్టమైన సూక్ష్మజీవి. తెల్లమచ్చ వైరస్‌లాగా రొయ్యల్ని కొద్ది రోజుల్లోనే చంపేయదు. రొయ్య మేత తింటుంది, పెరగదు. రైతు డబ్బంతా మేతలో పోస్తాడు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) మాత్రం రాదు. ఒకే చెరువులో చిన్నవీ పెద్దవీ కలిసి కనిపిస్తాయి. ఇది కణం బయట పెరిగే జీవి కాదు. పోనీ కణాల్లో పెంచుదామంటే, రొయ్య నుంచి తీసి ఏళ్ల తరబడి పెంచుకోగలిగే సెల్ లైన్ అంటూ అందరి చేతిలో ఉన్నది లేదు. ఎలుక మీద పనిచేసేవాళ్లకీ, మనిషి కణాల మీద పనిచేసేవాళ్లకీ ఉన్న సౌకర్యం రొయ్యల వాళ్లకి లేదు. అంటే ఎన్ని కోట్ల మిషన్లు పెట్టినా, చివరికి బతికున్న జబ్బు రొయ్య కావాలి. అది మీ యూనివర్సిటీకి అరగంట దూరంలో ఉంది.

ఇంకో మెలిక ఉంది. రొయ్య చచ్చిన కాసేపటికే హెపాటోపాంక్రియాస్ తన ఎంజైమ్‌లతో తనే అరిగిపోవడం మొదలుపెడుతుంది. హిస్టాలజీ (కణజాలాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపులో చూడటం) చేయాలంటే రొయ్య బతికుండగానే, చెరువు గట్టు మీదే కణజాలం చెడకుండా ఉంచే డేవిడ్‌సన్ ఫిక్సేటివ్ ఎక్కించాలి. ఐస్ పెట్టెలో హైదరాబాద్ తీసుకెళ్లి అక్కడ చూద్దామంటే స్లైడు మీద గుజ్జు కనబడుతుంది. పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష)కి అయితే 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే చాలు, గది వేడిలోనే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ పోయినా మీ శాంపిల్ పోదు. నేను పైన చెప్పిన సంక్రాంతి కథ మీ పనిలో చాలావరకు జరగదు. ఆర్‌ఎన్‌ఏ కావాలంటే మాత్రం స్థిరంగా ఉంచే ద్రావణం గానీ లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ గానీ గట్టు దాకా మోసుకెళ్లాలి. మోటార్ సైకిల్ మీద ఆ క్యాన్ పట్టుకుని కూర్చోవడం ఎవరికైనా నేర్పించుకోండి.

తెల్లవారుజామున చెక్ ట్రేలో మేత మిగిలిపోయింది, నీళ్ల మీద రొయ్యల మలం తెల్లటి దారాల్లా తేలుతోంది అని రైతు మీ సార్‌కి ఫోన్ చేస్తాడా? చేస్తే, ఆ ఫోన్ నంబరే మీ యూనివర్సిటీలో ఉన్న అన్నిటికంటే ఖరీదైన ఫెసిలిటీ. హైదరాబాద్‌లో కూర్చున్న ఎవరికీ ఆ ఫోన్ రాదు. రైతు ఊరికే చేయడు కూడా. రిపోర్టు వెంటనే ఇస్తారని, తన చెరువు పేరు బయటపెట్టరని నమ్మకం కుదరాలి. అలాంటి నమ్మకం రావడానికి ఏళ్లు పడుతుంది, ప్రాజెక్టు డబ్బుతో కొనలేం. మీ నాన్నగారి వయసువాళ్లకి 1994, 95 గుర్తుంటుంది, తెల్లమచ్చతో టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయిన రోజులు. వనామీకి 2009లో అనుమతి వచ్చాకే ఆ చెరువులు మళ్లీ నిండాయి. రెండూ చూసిన రైతు చెప్పే మాటల్లో మీ థీసిస్‌కి కావాల్సిన రెండు మూడు ప్రశ్నలు ఉంటాయి.

ఈ రొయ్యల మాట వచ్చినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. ఇవాళ రొయ్యలకి పేరుపడ్డ భీమవరంలోనే 1895లో పుట్టారాయన. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇప్పటికీ ఎంఎస్సీ ప్రాక్టికల్స్‌లో చేయిస్తారు, మీరూ చేసే ఉంటారు: మాలిబ్డేట్ కలిపి నీలం రంగు రప్పించి, ఆ నీలం ఎంత ముదిరిందో కొలవడం. ఆ నీలం రంగుతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్ ఉందని పట్టుకున్నారు. కొలిచే పద్ధతి చేతిలో ఉండబట్టే కొత్త పదార్థం దొరికింది. ఖరీదైన మిషను అవసరం రాలేదు. అయితే ఆయన పక్కన అడగడానికీ వాదించడానికీ మనుషులున్నారు. మీ విషయంలో నాకున్న భయం అక్కడే.

ఎందుకంటే చిన్న యూనివర్సిటీలో చేరితే మీరు పోగొట్టుకునేది మిషను కాదు. మిషను అప్పుగా దొరుకుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీకు ఏడాదిలో నాలుగు రోజులు కావాలి. ఆ నాలుగు రోజులు బయటికి వెళ్లి డబ్బు కట్టి చేసుకోండి. డీఎస్‌టీ సాయంతో నడిచే సైఫ్ కేంద్రాలున్నాయి, 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ ఊళ్లో ఏ మిషను బయటివాళ్లకి ఇస్తారో వెతికి బుక్ చేసుకోవచ్చు. మా దగ్గరికీ అలా వస్తారు. సీక్వెన్సింగ్ అయితే పెద్ద సంస్థల వాళ్లే బయటి కంపెనీలకి పంపుతున్నారు, శాంపిల్ కొరియర్‌లో వెళ్తుంది, డేటా డౌన్‌లోడ్‌లో వస్తుంది. అప్పుగా దొరకనిది వరండా. వారానికి రెండు సెమినార్లు, జర్నల్ క్లబ్బులో మీ పేపర్‌ని చీల్చి చెండాడే సీనియర్, టీ దగ్గర "నీ కంట్రోల్ ఏది?" అని అడిగే వేరే ల్యాబ్ మనిషి. నేను పీహెచ్‌డీలో నేర్చుకున్నదాంట్లో చాలా భాగం క్యాంటీన్ మెట్ల మీద నేర్చుకున్నదే. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫుల్‌టైమ్ స్కాలర్లు ఎంతమంది ఉన్నారు? ముగ్గురే ఉంటే, అందులో ఇద్దరు పొద్దున కాలేజీలో పాఠం చెప్పి సాయంత్రం వచ్చేవాళ్లయితే, ఆ లోటు ఎలా పూడ్చుకుంటారో ముందే ఆలోచించుకోవాలి.

హైదరాబాద్‌లో ఆ వరండా పొడుగు. తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒకే రోడ్డు మీద జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ (కెమిస్ట్రీ), సీసీఎంబీ (కణ, మాలిక్యులర్ బయాలజీ), సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షలు) లాంటి పరిశోధన సంస్థలు వస్తాయి, పక్కనే ఉస్మానియా. రెండో కొసన గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, జంతు బయోటెక్నాలజీ సంస్థ నియాబ్, గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్. పటాన్‌చెరులో ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ. మెట్రో లేని రోజుల్లో థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి బస్సులో తిరిగేదాన్ని, కండక్టర్ చేపలా అని అడిగేవాడు. సీసీఎంబీ 1977లో మొదలై, 1987లో ఇప్పుడున్న క్యాంపస్‌లో స్థిరపడింది. దాన్ని నిలబెట్టిన పుష్పమిత్ర భార్గవ రోజుల నుంచే అక్కడ ల్యాబులన్నీ వాడుకునే సేవలు ఒక చోట ఉండాలన్న అలవాటు ఉంది. స్కాలర్‌కి గ్లాస్‌వేర్ కడగడం, మీడియా కలపడం మీద పోయే టైమ్ మిగలడం చిన్న విషయం కాదు. అక్కడ డిగ్రీ సీఎస్‌ఐఆర్ ల్యాబులకున్న అకాడమీ, ఏసీఎస్‌ఐఆర్, ఇస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీలో అయితే బయోకెమిస్ట్రీ, ప్లాంట్ సైన్సెస్, యానిమల్ బయాలజీ, బయోటెక్నాలజీ అన్నీ ఒకే స్కూల్ కింద ఉన్నాయి, యూనివర్సిటీ వాతావరణం కావాలంటే అది మేలు. తిరుపతి వైపు ఐసర్ ఉంది, 2015లో పెట్టింది, కొత్తది కాబట్టి మిషన్లూ కొత్తవి, గైడ్లూ చాలామంది కుర్రవాళ్లు. టీఐఎఫ్‌ఆర్, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లకి జేజీఈఈబీఐఎల్‌ఎస్ అని వేరే పరీక్ష ఉంటుంది, అదీ ఒకసారి చూసుకోండి.

గైడ్ గురించి నాలుగు కాగితపు సంగతులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకి మించకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లు లేనివాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. మీ సార్‌కి ఎన్నేళ్ల సర్వీసు ఉందో మొహమాటం లేకుండా కనుక్కోండి. ఆయన్ని నేరుగా అడగలేకపోతే ఆఫీసులో అటెండర్‌ని అడిగితే తేదీతో సహా చెప్తాడు. ఎంతమంది సబ్మిట్ చేశారు, ఒక్కొక్కరికి ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో మానేసినవాళ్లు ఎవరు? మానేసినవాళ్ల నంబరు సంపాదించి మాట్లాడండి. వాళ్లు చెప్పేదంతా నిజమని కాదు, కానీ వేరే ఎవరూ చెప్పనిది చెప్తారు. గైడ్‌ని కూడా ఒకటి అడగండి: "ఈ ప్రయోగం ఆరు నెలలైనా రాకపోతే ఏం చేద్దాం సార్?" దీనికి "ఎందుకు రాదు, వస్తుంది" అన్నవాళ్లని చూసి నేను కాస్త జాగ్రత్తపడతాను.

ఇక డబ్బు, ఏళ్లు. మీ నాన్నగారికి ఇది చూపించండి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఆపై ఇంటి అద్దె భత్యం. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారితే 42,000. మొత్తం అయిదేళ్ల దాకా ఉంటుంది. సీఎస్‌ఐఆర్ అయితే ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పరిశోధన చిల్లర ఖర్చులకి) కూడా. ఫెలోషిప్ మీ పేరు మీదిది, గైడ్ దయ కాదు. అది ఉన్నవాళ్లకి యూనివర్సిటీల్లో మళ్లీ ఎంట్రన్స్ రాత పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ చాలు. కాకపోతే ఈ డబ్బు ఒకటో తారీఖున వస్తుందనుకోకండి. రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడటం మామూలు, చేరిన కొత్తల్లో ఇంకా ఆలస్యం. మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

ఏళ్ల సంగతి నిజం చెప్తాను. నిబంధనల్లో తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు అని ఉంది. బయాలజీలో మూడేళ్లలో అయినవాళ్లని నేను చూడలేదు. అయిదున్నర, ఆరు అనుకోండి. మహిళా స్కాలర్లకి రెండేళ్ల వెసులుబాటు ఉంది, ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్లి మాట నాన్నగారు ఎత్తకముందే మీకు ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిది. నేను అయిదో ఏట పెళ్లి చేసుకున్నాను, థీసిస్ అత్తగారింట్లో రాశాను, ఆవిడ నా కోసం వంటింటి తలుపు మూసి ఉంచేవారు. అందరికీ అలాంటి అత్తగారు దొరుకుతారని చెప్పలేను.

నేనైతే ఏం చేస్తానంటే: జేఆర్‌ఎఫ్ చేతిలో ఉంది కాబట్టి హైదరాబాద్, తిరుపతి ఇంటర్వ్యూలకి తప్పకుండా వెళ్తాను. పోయేదేం లేదు, గంటసేపు నలుగురు బాగా తెలిసినవాళ్లు మన పని గురించి అడగడమే ఒక పాఠం. ఎక్కడైనా సీటు వస్తే, అప్పుడు నన్ను నేను ఒకటే అడుగుతాను. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది చెరువులోదా, కణంలోదా? కణం విడిపోవడం, నాడీకణాలు, ప్రొటీన్ల ఆకారం లాంటివి అయితే మీ ఊళ్లో కూర్చుని కుదరదు, వెళ్లిపోండి, సార్‌కి గౌరవంగా చెప్పి వెళ్లండి. ఎలుకలు కావాల్సిన పని అయితే మరీను. రిజిస్టరైన యానిమల్ హౌస్, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టుకోలేరు. జబ్బు రొయ్య దగ్గరే మనసుంటే సార్ దగ్గరే ఉండండి, కానీ షరతులతో. చెన్నైలో ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పరిశోధించే సీబా నుంచో, హైదరాబాద్ సంస్థల్లోంచో ఒక కో-గైడ్‌ని మొదటి ఏడాదే పెట్టించుకోండి. ఆరు నెలలకోసారి జరిగే రిసెర్చ్ అడ్వైజరీ కమిటీని టీ, బిస్కెట్లతో ముగించనివ్వకుండా, ఆ కో-గైడ్ అందులో కూర్చునేలా చూడండి. ఏటా ఒక నెల అక్కడి ల్యాబ్‌లో పనిచేస్తానని సార్ దగ్గర మాట తీసుకోండి, వీలైతే ఈమెయిల్‌లో. ఆయన దీనికి ఒప్పుకోకపోతే, రొయ్యలు ఎంత దగ్గరున్నా నేను చేరను. శిష్యుల్ని బయటికి పంపడానికి భయపడే గైడ్ దగ్గర ఏ ఫెసిలిటీ ఉన్నా మనకి అందదు.

చివర్లో ఇంగ్లీషు గురించి అడిగారు, ఇంటర్వ్యూలో తడబడతానేమో అని. నేను మూడుసార్లు ప్యానెల్‌లో కూర్చున్నాను. తడబడినందుకు ఎవరికీ మార్కులు తగ్గించలేదు. తమ ప్రాజెక్టులో తామేం చేశారో, సార్ ఏం చేశారో విడదీసి చెప్పలేనివాళ్లకి మాత్రం తగ్గించాం. బోర్డు మీద బొమ్మ గీసి చెప్తానని అడగండి, ఎవరూ కాదనరు. ఇంటర్వ్యూ తేదీలు వచ్చాక మీ ఎంఎస్సీ ప్రాజెక్టు ఏమిటో, ఎన్ని చెరువుల శాంపిళ్లు తీశారో, నెగెటివ్ కంట్రోల్‌గా ఏం వాడారో కింద కామెంట్లో రాయండి. వాళ్లు మొదట ఎక్కడ పట్టుకుంటారో నేను చెప్తాను.